పది పెట్టలు, ఒక పుంజు: పెరట్లో గుడ్లకూ కూరకూ కోళ్లు పెంచడం ఎలా

"కోళ్లదేముంది, వదిలేస్తే అవే ఏరుకు తింటాయి, చీకటి పడితే అవే గూటికి వస్తాయి." మన ఊళ్లలో ఈ మాట వినని వాళ్లుండరు. అందులో సగమే నిజం. ఎదిగిన కోడి తన కడుపు చాలావరకు తానే నింపుకుంటుంది. అయితే పిల్లగా ఉన్న మొదటి ఆరు వారాలు, రోజూ సాయంత్రం పడాల్సిన మేత, వేళకు వేయించాల్సిన టీకాలు మాత్రం మన పని. ఈ మూడింటిలో దేన్ని వదిలేసినా ఏడాది తిరిగేసరికి గూడు ఖాళీ అవుతుంది. పది పెట్టలు, ఒక పుంజు ఉన్న చిన్న మందను లెక్కలోకి తీసుకుని, మొదటి నుంచి ఏ పని ఎలా చేయాలో చెప్తాను. ఒక కుటుంబానికి ఆ సైజు బాగా సరిపోతుంది.

ముందు తేల్చుకోవాల్సింది: గుడ్లు ఎక్కువ కావాలా, మాంసమా?

మన నాటు పెట్ట ఏడాదికి సుమారు 50 నుంచి 70 గుడ్లు పెడుతుంది. వరసగా పది పన్నెండు పెట్టి, ఆపేసి పొదుగుకు కూర్చుంటుంది. అంటే పది నాటు పెట్టల మీద రోజుకు సగటున రెండు గుడ్లు కూడా రావు. పందెం కోళ్లుగా పేరున్న అసీల్ జాతివి ఇంకా తక్కువ పెడతాయి. వాటికి మాంసం ధర బాగా పలుకుతుంది గానీ ఇంట్లో పిల్లలకు రోజూ గుడ్డు పెట్టాలనుకునే వారికి అవి పనికిరావు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారు చేసిన రకాలు రెండు మన దగ్గర బాగా నిలదొక్కుకున్నాయి. గ్రామప్రియ గుడ్ల కోసం. బాగా చూసుకుంటే ఏడాదికి 160 నుంచి 180 దాకా పెడుతుంది. పది పెట్టలుంటే రోజుకు నాలుగైదు గుడ్లన్నమాట. వనరాజా గుడ్లకూ మాంసానికీ రెండింటికీ పనికొస్తుంది. గుడ్లు ఏడాదికి 100, 110 దగ్గర ఆగుతాయి, కానీ ఒళ్లు బాగా చేస్తుంది. అదే ఊళ్లోని పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రాజశ్రీ కూడా మన వాతావరణానికి అలవాటు పడిన రకమే.

నన్నడిగితే గ్రామప్రియ ఎనిమిది, నాటు పెట్టలు రెండు కలిపి పెట్టుకోమంటాను. కారణం ఉంది. వనరాజా, గ్రామప్రియ పెట్టలు సాధారణంగా పొదగవు. ఎక్కువ గుడ్లు పెట్టడానికి తయారైన రకాలు కాబట్టి పొదుగు బుద్ధి వాటిలో పోయింది. పిల్లలు కావాలంటే పొదిగే నాటు పెట్ట ఇంట్లో ఉండాల్సిందే. ఇంకో సంగతి, గ్రామప్రియ గుడ్లను మీరే పొదిగించి పిల్లలు తీస్తే ఆ పిల్లలు తల్లి అంత పెట్టవు. రెండో తరంలో ఆ గుణం చెదిరిపోతుంది. అందుకే గుడ్ల కోసమైతే ప్రతిసారీ కొత్త పిల్లల్ని హ్యాచరీ (గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే కేంద్రం) నుంచే తెచ్చుకోవాలి.

పిల్లల్ని ఎక్కడ కొనాలి? పరిశోధన సంస్థ, వెటర్నరీ యూనివర్సిటీ, కృషి విజ్ఞాన కేంద్రాలు, నమ్మకమైన హ్యాచరీలు. కొనేటప్పుడు మొదటి రోజు వేసే మారెక్స్ (కాళ్లు పడిపోయి, ఒంట్లో గడ్డలు లేచే జబ్బు) టీకా వేశారా అని అడగండి. సైకిల్ మీదా బండి మీదా రంగులు పూసి అమ్మే పిల్లలు మాత్రం వద్దు. అవి ఎక్కువగా గుడ్ల ఫారాలకు అక్కర్లేక పక్కన పెట్టిన మగ పిల్లలు. గుడ్డు పెట్టవు, త్వరగా ఒళ్లూ చేయవు, సగం చేతిలోనే పోతాయి.

మొదటిసారి పెంచుతున్నవాళ్లు ఒక్కరోజు వయసున్న పిల్లల (రోజు పిల్లల) జోలికి పోకుండా, నాలుగు నుంచి ఆరు వారాల పిల్లల్ని తెచ్చుకోవడం మేలు. ధర ఎక్కువే, కానీ కష్టమైన భాగం అప్పటికే వేరేవాళ్లు దాటించి ఉంటారు. అప్పుడు తర్వాతి భాగాన్ని చదివి పక్కన పెట్టుకోండి, రెండో విడతకు పనికొస్తుంది.

రోజు పిల్లలు: మొదటి ఆరు వారాలు

తల్లి లేని పిల్లకు చలే మొదటి శత్రువు. పిల్లలు ఇంటికి రావడానికి ముందు రోజే బ్రూడర్, అంటే పిల్లలకు వెచ్చదనమిచ్చే దడి, సిద్ధం చేసి పెట్టండి. పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. అట్టముక్కలు గానీ రేకు గానీ తీసుకుని అడుగున్నర ఎత్తున గుండ్రంగా కట్టండి. ఇరవై పిల్లలకు నాలుగడుగుల వెడల్పు మొదటి పది రోజులకు సరిపోతుంది. గుండ్రంగానే ఎందుకంటే, మూలలుంటే చలికి అన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి అడుగువి ఊపిరాడక చచ్చిపోతాయి. కింద రెండంగుళాల మందాన ఎండిన వరి ఊక పరిచి, దాని మీద మొదటి మూడు రోజులు పాత పేపర్లు వేయండి. లేకపోతే పిల్లలు ఊకనే మేత అనుకుని తింటాయి.

మధ్యలో అడుగు, అడుగున్నర ఎత్తున బల్బు వేలాడదీయాలి. పిల్లకు రెండు వాట్ల లెక్కన ఇరవై పిల్లలకు 40 వాట్లు, చలికాలమైతే 60. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. ఎల్‌ఈడీ బల్బు వెలుతురిస్తుందే గానీ వేడి ఇవ్వదు. పాతకాలం ఫిలమెంట్ బల్బే కావాలి. కరెంటు పోతుందన్న టెన్షన్ ఉన్న ఊళ్లలో బొగ్గుల కుంపటి సిద్ధంగా ఉంచుకోండి. నిప్పు మీద బూడిద కప్పి, చుట్టూ ఇటుకలు పెట్టి, పొగ బయటికి పోయేలా కిటికీ తెరిచి వాడాలి.

మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీల వేడి ఉండాలి. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. థర్మామీటర్ లేకపోతే పిల్లలే చెప్తాయి. బల్బు కిందే ముద్దగా చేరి గట్టిగా అరుస్తుంటే చలి, బల్బు కిందికి దించండి. అంచులకు పోయి నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువ, పైకి ఎత్తండి. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎటునుంచో చల్లగాలి వస్తోంది. అంతటా పరుచుకుని కొన్ని తింటూ, కొన్ని కునికిపాట్లు పడుతుంటే అంతా బాగున్నట్టే. పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల ప్రాంతంలో ఒకసారి తప్పకుండా చూడండి. చలికి పిల్లలు పోయేది ఎక్కువగా ఆ వేళలోనే.

పిల్లలు రాగానే మేత వేయొద్దు, ముందు నీళ్లు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో రెండు మూడు చెంచాల బెల్లమో పంచదారో కలిపి, ఒక్కో పిల్ల ముక్కును ఒకసారి ఆ నీళ్లలో ముంచి వదలండి. ఒకటి తాగితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వేస్తే పిల్లలు అందులో పడి తడవవు. గంట, రెండు గంటల తర్వాత పేపరు మీద మొక్కజొన్న రవ్వ చల్లండి. రెండో రోజు నుంచి చిక్ స్టార్టర్ దాణా.

ఈ ఆరు వారాలు స్టార్టర్ దాణా కొనే పెట్టండి. ఇంట్లో నూకలు ఉన్నాయి కదా అని అవే వేస్తే పిల్లలు బతకొచ్చు గానీ ఎదగవు. స్టార్టర్‌లో 20 శాతం దాకా మాంసకృత్తులుంటాయి, నూకల్లో ఎనిమిది శాతం దాటవు. ఎముక, ఈక, కండ అన్నీ కట్టుకునే వయసు అది. ఇప్పుడు పడిన లోటును తర్వాత ఎంత మేపినా పూడ్చలేం. ఒక్కో పిల్ల ఆరు వారాల్లో కిలో నుంచి కిలోన్నర తింటుంది, ఇరవై పిల్లలకు ఒక 25 కిలోల బస్తా. పెరటి పెంపకంలో తప్పకుండా డబ్బు పెట్టాల్సిన చోటు ఇది, ఇక్కడ పీనాసితనం వద్దు.

ఊక తడవకుండా చూసుకోవాలి. రోజూ ఒకసారి తిరగేసి, తడిసిన ముద్దలు తీసేసి పొడి ఊక వేయండి. వానాకాలంలో కాస్త పొడి సున్నం కలపండి. తడి ఊక నుంచే రక్తపారుడు వస్తుంది. మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లల్లో ఎర్రటి రెట్ట కనిపించిన రోజే ఆంప్రోలియం మందు నీళ్లలో కలిపి ఇవ్వాలి. మోతాదు డబ్బా మీద ఉంటుంది, అదే పాటించండి. ఒక్కరోజు ఆలస్యమైనా చాలా పిల్లలు పోవచ్చు.

గూడు

రాత్రి పడుకోవడానికే కాబట్టి కోడికి అడుగు, అడుగున్నర చదరపు స్థలం చాలు. పదకొండు కోళ్లకు నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గూడు సరిపోతుంది. నేల మీద కాకుండా రెండడుగుల ఎత్తున కర్రల మీద కడితే వాన నీళ్లు చేరవు, అడుగున రెట్ట ఎత్తేయడమూ తేలిక. గూడు పొడవుగా కట్టుకుంటే ఆ పొడవును తూర్పు పడమరలుగా పెట్టండి, అప్పుడు మధ్యాహ్నం ఎండ నేరుగా లోపల పడదు. లోపల అడుగున్నర ఎత్తున గుండ్రటి కర్ర అడ్డంగా కట్టండి, కోళ్లు నేల మీద కంటే దండెం మీద హాయిగా పడుకుంటాయి.

జాలీ సన్న కన్నాలదై ఉండాలి. పిల్లి, ముంగిస, పందికొక్కు, పాము, ఇవేవీ వేళ్లు దూరేంత సందు దొరికినా ఊరుకోవు. ముంగిస దూరితే ఒక కోడిని తిని వెళ్లిపోదు, దొరికినన్నిటి మెడలూ కొరికి వదులుతుంది. తలుపుకు గడియ కచ్చితంగా ఉండాలి.

వెదురు, చెక్క సందుల్లో గోమార్లు పగలంతా దాక్కుని రాత్రి కోళ్ల రక్తం తాగుతాయి. తురాయి పాలిపోయి, గుడ్లు తగ్గి, ఏ జబ్బూ లేకుండా కోళ్లు నీరసిస్తుంటే రాత్రి టార్చి పట్టుకుని సందులు చూడండి. ఏడాదికి రెండుసార్లు గూడంతా ఖాళీ చేసి సున్నం కొట్టండి. పెరట్లో ఒక మూల పొడి మట్టి, పొయ్యి బూడిద, కాస్త వేపాకు పొడి కలిపి గుంటలో పోసి పెడితే కోళ్లు అందులో పొర్లి ఒంటి మీద పేలు అవే దులుపుకుంటాయి.

కొత్త కోళ్లను తేగానే బయటికి వదలొద్దు. వారం రోజులు గూట్లోనే ఉంచి మేతా నీళ్లూ అక్కడే పెట్టండి. ఆ తర్వాత మొదటి మూడు రోజులు పొద్దుగూకడానికి గంట ముందు మాత్రమే వదిలితే చీకటి పడేసరికి వాటంతట అవే తిరిగొస్తాయి. ఈ అలవాటు చేయకుండా వదిలితే చెట్టెక్కి పడుకుంటాయి, ఇక గూట్లోకి రప్పించడం చాలా కష్టం.

మేత: ఎంత, ఏమిటి, ఎప్పుడు

ఆరు వారాలు నిండాక పిల్లల్ని మెల్లగా బయటికి వదలండి. పెరడు, గడ్డివాము, పశువుల పాక, చుట్టూ కాస్త ఖాళీ జాగా ఉంటే పురుగులు, గింజలు, లేత ఆకులు ఏరుకుంటాయి. ఎదిగిన పెట్టకు రోజుకు 100 నుంచి 120 గ్రాముల మేత కావాలి. అందులో సగం పైన బయట దొరికితే, మనం వేయాల్సింది 40, 50 గ్రాములు. పది పెట్టలకు రోజుకు అరకిలో, నెలకు 15 కిలోలు. పట్టణంలో కాంపౌండ్ లోపలే పెంచుతుంటే ఈ లెక్క పనికిరాదు. అక్కడ మొత్తం మనమే పెట్టాలి, నెలకు 30 కిలోలు దాటుతుంది.

వేయాల్సింది సాయంత్రం, గూటికి చేరే వేళ. పొద్దున్నే కడుపు నిండా పెడితే కోళ్లు గూటి చుట్టే తచ్చాడుతాయి, మేతకు పోవు. ఆకలితో బయటికి వెళ్లిన కోడే పురుగు వెతుక్కుంటుంది. సాయంత్రం వేళకు మేత పడుతుందని తెలిస్తే ఎక్కడున్నా మీ పిలుపుకు పరిగెత్తుకొస్తాయి. అప్పుడే లెక్కపెట్టండి, కుంటుతున్నదీ తల వేలాడేసినదీ ఆ కాసేపట్లోనే కంటపడుతుంది.

ఇంట్లో కలుపుకునే మేత పది కిలోలకు ఇలా:

నూకలు, మొక్కజొన్న రవ్వ, జొన్నలు, సజ్జలు ఏవి చౌకగా దొరికితే అవి కలిపి ఐదున్నర కిలోలు; తవుడు రెండు కిలోలు; వేరుశనగ చెక్క లేదా సోయా చెక్క కిలోన్నర; ఎండు చేపల పొడి అరకిలో; కోళ్ల మినరల్ మిక్స్చర్ 200 గ్రాములు. మిగిలిన మూడు వందల గ్రాములూ ఆల్చిప్పల గుల్ల పొడి. ఇందులో 16 శాతం దాకా మాంసకృత్తులొస్తాయి, పెట్టే కోడికి అది సరిపోతుంది.

పైన చెప్పిన ఒక్కో సరుకుతో ఒక్కో జాగ్రత్త ఉంది. తవుడు మిల్లు నుంచి తాజాగా తెచ్చుకోండి, నెలల తరబడి దాస్తే అందులోని నూనె ముక్కిపోతుంది. చేపలు ఉప్పు వేయకుండా ఎండబెట్టినవై ఉండాలి. ఉప్పు చేప పొడి ఎక్కువ పడితే కోళ్లు నీళ్లు తెగ తాగి, పారుకుని, చచ్చిపోతాయి కూడా. వేరుశనగ చెక్క, మొక్కజొన్న బూజు పట్టి ఉంటే పశువులకూ వేయొద్దు, కోళ్లకూ వేయొద్దు. ఆ బూజు విషం కోడి కాలేయాన్ని నెమ్మదిగా దెబ్బతీస్తుంది, ఉడికించినా పోదు. వానాకాలంలో ఒక్కసారే బస్తాలు కొని పెట్టకుండా పదిహేను రోజులకు సరిపడా కలుపుకోండి.

మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది, మిగిలిన అన్నమంతా కోళ్లకు వేయడం. కొంచెం వేస్తే తప్పులేదు. కానీ అన్నం మీదే పెరిగిన పెట్టకు కడుపులో కొవ్వు పేరుకుంటుంది, గుడ్లు తగ్గుతాయి. వనరాజాలో ఇది మరీ ఎక్కువ. ఊరగాయ కలిసిన అన్నం అసలు వేయొద్దు, అందులో ఉప్పు చాలా ఎక్కువ.

ఖర్చు తగ్గించే మేతలు పెరట్లోనే ఉన్నాయి. మునగాకు, అవిసాకు, తోటకూర కట్టగా కట్టి అందీ అందని ఎత్తున వేలాడదీయండి, ఎగిరి పొడుచుకు తింటాయి, ఒకదాన్నొకటి పొడుచుకునే అలవాటూ తగ్గుతుంది. ఆకు తిన్న కోడి గుడ్డులో సొన ముదురు రంగులో ఉంటుంది. నీడపట్టున టార్పాలిన్ గుంటలో అజొల్లా (పేడ కలిపిన నీళ్ల మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క) పెంచితే రోజూ పిడికెడు తీసి, పేడ వాసన పోయేలా మంచినీళ్లలో కడిగి మేతలో కలపొచ్చు. చెదలు దొరికే చోట్ల పాత కుండలో తడిపిన గడ్డి, పేడ, గోనె ముక్క కుక్కి, చెదలు ఉన్న నేల మీద సాయంత్రం బోర్లించి ఉంచండి. తెల్లారేసరికి కుండ నిండా చెదలుంటాయి. ఆరు వారాలు దాటిన కోడిపిల్లలకు దీన్ని మించిన తిండి లేదు.

గుల్ల గురించి విడిగా చెప్పాలి. గుడ్డు పెంకు అంతా సున్నమే. పెట్టే కోడికి రోజుకు నాలుగు గ్రాముల దాకా కాల్షియం కావాలి, మేతలో కలిపింది చాలదు. ఆల్చిప్పల గుల్లను నలగ్గొట్టి ఒక చిప్పలో విడిగా పెడితే దేనికి ఎంత కావాలో అది అంత తింటుంది. ఇంట్లో వాడిన గుడ్ల పెంకులను పెనం మీద వేయించి పొడి చేసి అదే చిప్పలో వేయొచ్చు. పెంకు ఆకారంలోనే వేస్తే మాత్రం సొంత గుడ్లనే పొడుచుకు తినడం నేర్చుకుంటాయి. పెంకు గట్టిపడని తోలు గుడ్లు వస్తున్నాయంటే గుల్ల చాలడం లేదని అర్థం.

నీళ్లు పొద్దున సాయంత్రం మార్చండి. మే నెలలో మధ్యాహ్నం కూడా మార్చాలి. ఎండ 42 దాటిన రోజుల్లో గూటి పైన తడి గోనెలు వేసి, నీళ్ల కుండ చెట్టు నీడన పెట్టి, కాస్త పలచటి మజ్జిగ ఇవ్వండి. మేత పొద్దు వాలాకే వేయండి. ఎండ వేళ మేత తింటే ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది.

చుట్టుపక్కల పొలాల్లో మందు కొట్టిన రోజు, విత్తన శుద్ధి చేసిన గింజలు చల్లిన రోజు కోళ్లను బయటికి వదలొద్దు. ఒక్కపూటలో మంద మొత్తం పోతుంది.

టీకాలు

పెరటి కోళ్లను ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసేది కొక్కెర తెగులు. పచ్చగా తెల్లగా పారుకోవడం, నోట్లోంచి సొంగ, రొప్పు, మెడ వంకర తిరగడం దాని గుర్తులు. వచ్చాక మందు లేదు. రాకుండా టీకా ఉంది, అదీ చవకే.

రోజు పిల్లలకు ఐదు నుంచి ఏడో రోజు మధ్య కొక్కెర తెగులుకు వేసే లసోటా టీకా కంట్లో ఒక చుక్క. రెండు మూడు వారాల మధ్య గంబోరో (పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే జబ్బు) టీకా. 28వ రోజుకు మళ్లీ లసోటా. ఆరో వారంలో మశూచి టీకా. ఎనిమిది, తొమ్మిది వారాల మధ్య కొక్కెర తెగులుకే వేసే ఇంకో టీకా ఆర్‌2బి, చర్మం కింద అర మిల్లీలీటరు. దానికి వారం ముందు నులిపురుగుల మందు తాగించి ఉండాలి. పురుగులతో నీరసించిన కోడికి టీకా సరిగా పట్టదు. తర్వాత ఆరు నెలలకోసారి ఆర్‌2బి, రెండు మూడు నెలలకోసారి నులిపురుగుల మందు. నెల పిల్లల్ని కొంటే అప్పటికి ఏవేవి వేశారో రాయించుకుని, మిగిలినవి మీరు వేయించండి.

చిక్కంతా ఎక్కడంటే, టీకా సీసా వంద డోసులది వస్తుంది. మీకు ఉన్నవి పదకొండు. సీసా కలిపాక ఐస్‌లో ఉంచి రెండు గంటల్లోపు వాడేయాలి, మిగిలింది దాచినా పనిచేయదు. అందుకే వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ కలిసి ఒకే రోజు వేయించుకోవాలి. పశువుల ఆసుపత్రిలో గానీ, ఆంధ్రలో రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుణ్ని గానీ ముందుగా అడిగి రోజు ఖరారు చేసుకోండి. తెల్లవారుజామున గూళ్లలోంచి వదలక ముందే వేయించడం సులువు. పక్కింటి కోళ్లకు వేయించకపోతే మీ కోళ్లకు వేయించినా సగం రక్షణే, అవన్నీ ఒకే దిబ్బ మీద మేస్తాయి.

సంతలో అమ్ముడుపోక తిరిగొచ్చిన కోడి, పండక్కి చుట్టాలిచ్చిన పుంజు, ఇవే తెగులును ఇంటికి తెచ్చేవి. ఏ కోడి వచ్చినా రెండు వారాలు దూరంగా గంప కిందో వేరే గదిలోనో ఉంచి, ఏ తేడా లేదనుకున్నాకే మందలో కలపండి.

మశూచి వస్తే తురాయి మీదా కళ్ల చుట్టూ పొక్కులు లేస్తాయి. దోమల వల్ల వస్తుంది. పొక్కుల మీద వేపనూనె, పసుపు రాస్తూ, కళ్లు మూసుకుపోయిన కోడికి మేత నోట్లో పెడితే చాలావరకు తేరుకుంటాయి. మనుషుల మందుల షాపులో యాంటీబయోటిక్ గొట్టం మాత్రలు కొని నీళ్లలో కలిపేయడం మాత్రం మానాలి. తెగులుకు అవి పనిచేయవు, మందు మాత్రం గుడ్లలోకీ మాంసంలోకీ దిగి మీ పిల్లల కంచంలోకే వస్తుంది. డాక్టరు మందు రాస్తే ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో కూడా అడగండి.

ఒక్కసారిగా మూడు నాలుగు కోళ్లు చచ్చిపోతే 1962కు ఫోన్ చేయండి, లేదా ఆసుపత్రికి చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు అందరం చూశాం, ఆలస్యమైతే ఎంత నష్టమో. చచ్చిన కోడిని కాలవలోనో చెత్తకుప్పలోనో పడేయొద్దు. మూడడుగుల గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. చేతికి కవరు తొడుక్కోండి, తర్వాత సబ్బుతో కడుక్కోండి.

గుడ్లు పెట్టే రోజులు

గ్రామప్రియ ఐదున్నర నెలలకు మొదలుపెడుతుంది, నాటు పెట్ట ఆరేడు నెలలు తీసుకుంటుంది. నాలుగైదు పెట్టలకు ఒక గుడ్ల పెట్టె చొప్పున, అడుగు పొడవు వెడల్పుల్లో, కాస్త చీకటిగా ఉండే చోట గడ్డి వేసి పెట్టండి. పెట్టలు ఎక్కువగా పొద్దున పది లోపే పెట్టేస్తాయి. అందుకని గుడ్లు పెడుతున్న రోజుల్లో పది గంటల తర్వాతే బయటికి వదలండి. లేకపోతే గడ్డివాములోనో పక్కింటి కట్టెల కుప్పలోనో పెట్టేస్తాయి. అలా దొరికిన గుడ్లు ఎప్పటివో తెలియకపోతే నీళ్లలో వేయండి, అడుగున పడుకుంటే తాజా, నిటారుగా నిలబడితే పాతది, తేలితే పారేయాలి.

గుడ్లను కడిగి దాచొద్దు. పెంకు మీద ఉండే పలచటి పొర పోతే క్రిములు లోపలికి పోతాయి. మురికి ఉంటే పొడి గుడ్డతో తుడిచి, కోసు భాగం కిందికి ఉండేలా పెట్టండి.

చలికాలంలో గుడ్లు తగ్గితే కంగారు పడొద్దు. పెట్టకు రోజుకు 14 గంటల వెలుతురు కావాలి, పగలు చిన్నదైతే పెట్టడం తగ్గిస్తుంది. గూట్లో చిన్న బల్బు పొద్దున నాలుగింటి నుంచి వెలిగిస్తే కొంత నిలబడుతుంది. దీనికి ఎల్‌ఈడీ చాలు.

తినే గుడ్లకు పుంజు అక్కర్లేదు. పట్టణంలో ఇరుగుపొరుగుకు కూత ఇబ్బంది అనుకుంటే పుంజు లేకుండానే పెంచుకోండి. పిల్లలు తీయాలంటే పది పెట్టలకు ఒక పుంజు చాలు.

పొదిగించడానికి వారం లోపు గుడ్లే ఏరండి. నాటు పెట్ట కింద పది, పన్నెండుకు మించొద్దు, మించితే అన్నిటికీ వేడి అందదు. వెదురు గంపలో అడుగున బూడిద, వేపాకు, ఆ పైన గడ్డి వేసి చీకటి మూల పెట్టి, రాత్రి పూట పెట్టను కూర్చోబెట్టండి. ఏడో రోజు రాత్రి ఒక్కో గుడ్డునూ టార్చి వెలుతురులో చూడండి. ఎర్రటి నరాలు సాలీడు గూడులా కనిపిస్తే పిల్ల కడుతోంది, ఏమీ లేకుండా తేటగా ఉంటే తీసేయండి. 21వ రోజుకు పిల్లలు దిగుతాయి. రోజుకోసారి పెట్ట లేచి తిని, తాగి, రెట్ట వేసి వస్తుంది. లేవకపోతే మీరే ఎత్తి బయట పెట్టాలి.

కూరకు తీయడం

మగ పిల్లలు మూడు నెలలకు తురాయి, తోకతో గుర్తుపట్టేలా తయారవుతాయి. మందకు ఒకదాన్ని ఎంచి ఉంచి, మిగతావాటిని నాలుగైదు నెలలకు కూరకు తీసేయండి. ఆ వయసులో వనరాజా పుంజు రెండు కిలోల దరిదాపులకు వస్తుంది. తర్వాత తినే మేతకు తగ్గ కండ పట్టదు, ఒకదానితో ఒకటి కొట్టుకుని పెట్టల్ని కూడా వేధిస్తాయి.

పెట్టల్లో ఏది పెడుతోంది, ఏది ఊరికే తింటోంది? ఒక్కోదాన్నీ పట్టుకుని చూడాలి. పెట్టేదాని తురాయి ఎర్రగా మెత్తగా ఉంటుంది. తోక కింద గుదం వెడల్పుగా తడిగా ఉంటుంది, దాని రెండు పక్కలా తగిలే సన్న ఎముకల మధ్య రెండు మూడు వేళ్లు పడతాయి. మానేసినదానికి తురాయి పాలిపోయి ముడుచుకుంటుంది, ఎముకల మధ్య వేలు కూడా దూరదు. ఈకలు రాలుస్తున్న కాలంలో మాత్రం ఈ పరీక్ష పెట్టొద్దు. అప్పుడు ఏ పెట్టైనా రెండు మూడు నెలలు ఆపుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. రెండేళ్లు దాటాక గుడ్లు బాగా పడిపోతాయి, అప్పుడు తీసేయడమే మంచిది.

కోసే ముందు ఎనిమిది గంటలు మేత ఆపి నీళ్లు మాత్రం పెట్టండి. పేగులు ఖాళీ అయితే శుభ్రం చేయడం తేలిక, మాంసం పాడవదు. బాగా పదును పెట్టిన కత్తితో, మిగతా కోళ్ల కంటపడకుండా, ఒక్క కోతలో పని అయిపోవాలి. ఆ కోడి మన చేతి మేత తిన్నది, దానికి ఎక్కువసేపు బాధ ఉండకూడదు. ఈకలు పీకాక పసుపు రాసి మంట మీద కాలిస్తే తోలుకు ఆ నాటుకోడి వాసన వస్తుంది. నాలుగు నెలల పుంజు వేపుడుకు బాగుంటుంది. రెండేళ్ల పెట్టకు వేపుడు పనికిరాదు, పులుసు పెట్టి సన్న సెగ మీద గంటకు పైగా ఉడకనివ్వండి.

తీసేసిన పెట్టల స్థానంలో కొత్త పిల్లలు కావాలి. అవి గుడ్డుకు రావడానికి ఆరు నెలలు పడుతుంది కాబట్టి, పాత పెట్టలకు ఏడాదిన్నర నిండగానే తర్వాతి విడత పిల్లలకు హ్యాచరీలో పేరు రాయించుకోండి. ఏప్రిల్, మే నెలల ఎండలకూ, వానలు జోరుగా పడే రోజులకూ దూరంగా, సెప్టెంబర్ చివరకో అక్టోబర్‌లోనో పిల్లలు చేతికొచ్చేలా చూసుకోండి. డిసెంబర్ చలి ముదిరేసరికి వాటికి ఒంటినిండా ఈకలు వచ్చేసి ఉంటాయి.